ఐసు పద్దు

తెల్లారగట్ల మూడున్నరకి హార్బరు నుంచి ఆటో వస్తుంది.
మంగమారిపేట మలుపు తిరిగేసరికే
మా లాభంలో కొంత
బీచి రోడ్డు పొడుగునా చుక్కలుగా రాలిపోయి ఉంటుంది.
కుక్కలు నాక్కుంటాయి.

మాది కరిగే సరుకు.
రంపపు పొట్టు, దాని మీద తడి గోనెపట్టా, దాని మీద ఇంకో పట్టా.
ఎండకి మేం చెప్పే అబద్ధం ఇది.
మధ్యాన్నం దాకా నమ్ముతుంది,
ఆ తర్వాత దానికీ అర్థమైపోతుంది.

దిమ్మ నలిపే మిషను మా ఆయన గురుమూర్తిది.
కుడిచేతికి నాలుగున్నర వేళ్ళు.
మిగతా సగం ఏ బోటు కానాగంతలతో
ఏ ఊరు సంతకి పోయిందో.
అడిగితే, "అది కూడా అరువే" అంటాడు.

పుస్తకం నాది. నీలం అట్ట.
తడిచేతులు తగిలి తగిలి
అప్పడంలా ఉబ్బిన కాయితాలు.
రాయడం రానివాళ్ళు గుర్తు గీస్తారు.
ఒకడిది కొక్కెం, ఒకడిది లంగరు,
పేర్ల దాసుది తెడ్డు.
గనగళ్ళ కాసులు మాత్రం
తీరిగ్గా చేపని గీసేవాడు, తోక, రెక్క,
ఆఖర్న పెన్ను గట్టిగా నొక్కి కన్ను.

కొట్టు పెట్టిన కొత్తలో అత్త నాకు చెప్పింది,
అడ్డపొగ చుట్ట నోట్లో తిప్పుకుంటూ:
"ఏటకెల్లినోడికిచ్చిన అయిసు రాసుకో.
పెల్లికిచ్చింది ముందే డబ్బులట్టుకో.
సావుకిచ్చింది రాయకు."

కార్తీకంలో గాలి తిరిగింది.
మూడో రోజుకి కాసులు
భీమిలి వైపు ఒడ్డుకి వచ్చాడు.
అతని కొడుకు కువైట్ కూడా కాదు, పరవాడ ఫార్మాలోనే,
అయినా షిఫ్టు దిగి వచ్చేదాకా ఆపాలి.
ఎన్ని దిమ్మలు మోశామో పుస్తకంలో లేదు.
మా ఆయన భుజానికి తెలుసు.

ఏప్రిల్లో వేట బందు.
అరవై ఒక్క రోజులు మిషను నోరు మూత.
గోలీసోడా బళ్ళకి అరదిమ్మ, పావుదిమ్మ.
కరెంటు బిల్లుకి మాత్రం బందు లేదు.

ఆ ఎండలో పోలమ్మ వచ్చింది, కాసులు పెళ్ళాం.
డబ్బాడు ఎండు నెత్తళ్ళు గట్టు మీద పెట్టి
కొంగుముడి విప్పి లెక్కపెట్టింది.
రెండువేల నాలుగొందల అరవై.
పైసా తగ్గించుకోమనలేదు. నేనూ అనలేకపోయాను,
అంటే ఆవిడ మొగుణ్ణి తగ్గించినట్టుంటుందని.

పద్దు కొట్టేయబోతుంటే చెయ్యి పట్టుకుంది.
"గీత పెట్టకే. ఆ కాయితం నాకిచ్చీ."
వేలితో వెతికింది పై నుంచి కిందికి,
పదకొండు చేపలు.
"దీనికి కన్ను నేదేటి?"
"ఆ రోజు బేగెల్లిపోయాడు, వదినా."

కాయితం వెనక
దాసు బాకీ ఉంది. మూడువేల నూట ఇరవై,
కింద తెడ్డు గుర్తు.
ఒక్క క్షణం వ్యాపారం చేశాను నేను,
పుస్తకం అటూ ఇటూ తిప్పాను.
తర్వాత చింపి ఇచ్చేశాను.
ఆవిడ దాన్ని మడవలేదు,
చేప విరిగిపోతుందన్నట్టు
అరచేతుల మీద పెట్టుకుని వెళ్ళింది.

రాత్రి మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.
"ఇది కొట్టా, సత్రమా?"
అత్త ఏమీ అనలేదు. చుట్ట ఆరిపోతే మళ్ళీ ముట్టించుకుంది.

జూన్ పదిహేను. మళ్ళీ తెప్పలు.
అందరికంటే ముందు దాసే వచ్చాడు.
నేను నోరు తెరవక ముందే
"రాసుకో వదినా" అని మొదలుపెట్టాడు,
మాఘంలో ఇన్ని, శివరాత్రి ముందు ఇన్ని,
ఇంజను పాడైన రోజు ఊరికే కరిగినవి రెండు,
"మొత్తం మూడేలు."
నాకు గుర్తుంది. అయినా మూడువేలే రాశాను.

లోపల చీకట్లోంచి అత్త:
"నూటిరవయ్యో?"

దాసు పగలబడి నవ్వాడు.
మా ఆయన కూడా, రెండు నెలల తర్వాత.
"పిన్నీ, నీకు సదువొచ్చుంటే
మేవందరం ములిగిపోదుం" అంటూ
నూట ఇరవై వేయించి, తెడ్డు గీశాడు.

ఆ నవ్వుల్లో పట్టా కప్పడం మరిచాను.
చూసేసరికి
ఆ నూట ఇరవై
గుమ్మం దాటి ఇసకలో ఇంకుతోంది.